ప్రసన్నకుమారి చేసిన వెలుతురు తీగ

చిత్తూరు సంతపేటలో ప్రసన్నకుమారికి ఒక క్యాసెట్ల అంగడి ఉండేది. అంగడి పెట్టింది వాళ్ళ నాయన వెంకటరమణ. ఆయన హయాంలో ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, పాటల పేర్లు చెప్పి పోతే సాయంత్రానికి రికార్డు చేసి పెట్టేవాళ్ళు. స్కూలు నుంచి వస్తూనే ప్రసన్న ఆ అంగట్లో కూర్చునేది. తెగిన టేపు అతికించడం, వైరు ఊడితే సోల్డరింగ్ పెట్టడం అన్నీ అక్కడే నేర్చుకుంది. నాయన పోయినాక అంగడి అమ్మేద్దామని చుట్టాలంటే, "నాకు వచ్చిన పని ఇది. ఇది వదిలిపెట్టి ఏం చేయాల?" అని తాళాలు తీసుకుంది. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు కూడా లేవు.

రెండు వేల సంవత్సరం దాటేసరికి క్యాసెట్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. వంద పాటలున్న సీడీ బస్టాండు ముందర గోనెపట్ట మీద దొరికేది. ఆ వీధిలో క్యాసెట్ల అంగళ్ళు ఒక్కొక్కటే సెల్‌ఫోన్ అంగళ్ళయిపోయాయి. ప్రసన్న మాత్రం బెంగపడలేదు. "పాటలు అమ్మే పని పోతే పోనీ. పాడేవాళ్ళు యాడికీ పోలేదు కదా" అనింది. కువైట్‌లో నర్సు పని చేసి తిరిగొచ్చిన ఒకామె దగ్గర అరచేతిలో పట్టే మినీడిస్క్ రికార్డర్ పాతది కొనింది. చిన్న బిళ్ళ మీద శబ్దాన్ని అంకెల రూపంలో రాసుకునే యంత్రం అది. దాన్ని సంచిలో వేసుకుని భజనలకు, నాట్యం పిల్లల అరంగేట్రాలకు, పెళ్ళిళ్ళ నాదస్వరానికి పోయి రికార్డు చేసేది. మైకు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలిసినంతగా జిల్లాలో ఇంకొకరికి తెలీదని పాడేవాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఆమె కాదనేది కాదు.

రెండు వేల రెండులో, శివరాత్రి ముందర, రూపశ్రీ అనే అమ్మాయి అంగడికి వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. హరికథలు చెప్పే మునివెంకటప్పకు మనవరాలు, కూతురి కూతురు. ఆయన కథ చెబుతుంటే పక్కన హార్మోనియం వాయించేది.

మా చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు. పద్దెనిమిది దినాలు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఆ పగటి కథ చెప్పడంలో మునివెంకటప్పను మించినవాడు లేడు. ద్రౌపది మాటలు ఆయన నోట వింటే మా పక్క ఆడవాళ్ళ మాటల్లాగే ఉండేవి. పాటలు కూడా సొంతంగా కట్టుకున్నవే. కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. ముందటి సంవత్సరం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది.

"తాత చెప్పిన భారతం యాడన్నా దొరుకుతాదా అక్కా?" అని అడిగింది రూపశ్రీ. "పాకాల పక్కన వెలగలపల్లెలో ఈ తూరి భారతం పెడతాండారు. ధర్మకర్తను నేను అడిగినా. నాకు చెప్పే అవకాశం ఇయ్యండి అని. ఆయన ఏమన్నాడంటే, మీ తాత కథ మొత్తం నీకు వస్తే చెప్పు పాపా, ముక్కలు ముక్కలుగా అయితే వద్దు అన్నాడు."

"నీకు ఎంత వచ్చు?"

"పాటలు వస్తాయి. నడుమ కథ యాడ ఎట్లా తిప్పుతాడో శానా మటుకు గుర్తులేదు. నేను హార్మోనియం మీదే కండ్లు పెట్టుకోని ఉంటి."

ప్రసన్న అంగట్లో ఉన్న క్యాసెట్లన్నీ వెతికింది. ద్రౌపది పెళ్ళి ఒక్కటే దొరికింది, అదీ సగానికి అరిగిపోయింది. అప్పుడు ఆమెకు హరినాథ్ గుర్తుకొచ్చాడు. తిరుపతిలో మైకుసెట్లు బాడుగకిచ్చే ఆయన. తొంభైల మొదట్లో సింగపూర్ నుంచి డిజిటల్ టేపు యంత్రం తెప్పించి, మునివెంకటప్ప భారతం పద్దెనిమిది దినాలూ రికార్డు చేశాడని ప్రసన్న వాళ్ళ నాయన చెబుతుండేవాడు.

"పద, తిరుపతికి పోదాం" అనింది ప్రసన్న.

"ఎప్పుడక్కా?"

"ఇప్పుడే. అంగడి మూసేస్తా."

హరినాథ్ ఇల్లు తిరుపతిలో పాత వీధిలో ఉండేది. ముందు గది నిండా పెద్ద పెద్ద స్పీకర్లు, వైర్ల చుట్టలు. ఆయనకు అరవై దాటాయి. మునివెంకటప్ప పేరు వినగానే లేచి బీరువా తెరిచాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉన్న టేపులు, గుడ్డ సంచిలో పెట్టి ఉన్నాయి. రోజుకొకటి.

"అన్నీ ఉండాయమ్మా. కానీ యంత్రమే సచ్చిపోయింది" అన్నాడు.

చచ్చిపోలేదు. కరెంటు పెడితే తిరిగింది. అయితే శబ్దం బయటికి రాదు. ఒక పక్క అసలు వినిపించదు, రెండో పక్క గుయ్యిమని ఒకటే రొద. శబ్దం బయటికి పంపే బోర్డు పాడైపోయిందని, దానికి కావలసిన భాగాలు మద్రాసులో కూడా దొరకలేదని హరినాథ్ చెప్పాడు. టేపులు తీసుకుపోతామంటే ఒప్పుకోలేదు. వేరే యంత్రంలో పెడితే నలిగిపోతాయని ఆయన భయం.

ప్రసన్న యంత్రం వెనక్కి పోయి వంగి చూసింది. వైర్లు పెట్టే గుండ్రటి రంధ్రాల పక్కన చిన్న చదరపు రంధ్రం ఒకటి ఉంది. దానికున్న రబ్బరు మూత తీస్తే లోపల ఎర్రగా వెలుగుతోంది.

"హరినాథన్నా, ఈ వెలుతురు వస్తానే ఉండాదే!"

"అది ఆప్టికల్ దారి. నేను ఎప్పుడూ వాడలేదు. శబ్దం అంకెలుగా మారి ఆ వెలుతురులో పోతాదంట."

"అంటే పాడైన బోర్డు దాకా పోనక్కర లేకుండానే బయటికి వస్తాదన్న మాట."

ఆయన కూడా వంగి ఆ ఎర్ర చుక్కను చూశాడు. "అట్లనే అనుకుంటా."

ప్రసన్న సంచిలో నుంచి తన రికార్డర్ తీసింది. దాని పక్కన రంధ్రం దగ్గర కూడా ఆప్టికల్ అని అచ్చు ఉంది. మామూలు వైరు పెట్టినా, వెలుతురు తీగ పెట్టినా తీసుకునే రంధ్రం అది. చిక్కంతా ఒక్కటే. పెద్ద యంత్రానిది చదరపు రంధ్రం, ఆమె రికార్డర్‌ది హెడ్‌ఫోన్ పిన్ను పట్టే గుండ్రటి రంధ్రం. ఒక కొస చదరంగా, ఒక కొస గుండ్రంగా ఉండే వెలుతురు తీగ కావాలి.

"తీగ తెస్తా. మీ కండ్ల ముందరే, ఈ గదిలోనే కాపీ చేస్తా. టేపు గడప దాటదు" అని చెప్పి లేచింది.

ఆ రోజే తిరుపతిలో డీవీడీ ప్లేయర్లు అమ్మే అంగళ్ళన్నీ తిరిగింది. వెలుతురు తీగలు ఉన్నాయి, చవకే. కానీ రెండు కొసలూ చదరమే. గుండ్రటి కొస అంటే ఎవరికీ తెలియలేదు. ఒకాయన మాత్రం, "చదరపు కొసకు తగిలించే చిన్న టోపీ ఒకటి ఉంటుంది మేడం, రికార్డర్ కొత్తగా కొన్నప్పుడు డబ్బాలో వస్తుంది. అది విడిగా దొరకదు" అన్నాడు. కువైట్ నర్సును అడిగితే, టోపీ మాటేమో గానీ ఆ డబ్బా కూడా అక్కడే పారేసి వచ్చానని చెప్పింది.

ఆదివారం అంగళ్ళు మూసి ఉంటాయని, సోమవారం చూసుకుని మద్రాసు బస్సెక్కింది. రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరకనివంటూ ఉండవని పేరు. సన్న సందుల్లో, మేడ మీద గదుల్లో అడుగుతూ పోయింది. ఒక పెద్ద అంగట్లో జపాన్ నుంచి కంపెనీ తీగ తెప్పిస్తామన్నారు. వాళ్ళు చెప్పిన ధర ఆమె రికార్డర్‌కు పెట్టిన దానికంటే ఎక్కువ. పైగా వచ్చేసరికి రెండు నెలలు.

ఇంకొక అంగడతను మాత్రం బల్ల కింద నుంచి టక్కున ఒక తీగ తీసిచ్చాడు. ఒక కొస చదరం, ఒక కొస గుండ్రం. ధర కూడా అందుబాటులోనే ఉంది. ప్రసన్న పర్సు తెరవలేదు. చదరపు కొసను పైనున్న ట్యూబులైటు వైపు తిప్పి పట్టుకుని, గుండ్రటి కొసను కంటి దగ్గర పెట్టుకుని చూసింది. నల్లగా ఉంది.

"అన్నా, దీంట్లో వెలుతురు పొయ్యే దారే లేదు. లోపల ఉండేది రాగి తీగ" అని అరవంలో చెప్పింది.

అతను నవ్వేసి తీగను మళ్ళీ బల్ల కిందికి తోశాడు. "ఇంతవరకూ ఎవరూ ఇట్లా చూడలేదు" అన్నాడు.

"వచ్చేవాళ్ళకు చెప్పి అమ్మండి" అని బయటికొచ్చింది.

చేతులూపుకుంటూ తిరిగి వస్తున్నా ఆమెకు నీరసం రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించుకుంది. టోపీ తగిలిస్తే చదరం గుండ్రం అయిపోతుందంటే, లోపల తీగ ఒకటే అన్నమాట. తేడా అంతా కొస రూపంలోనే ఉంది. రూపం మార్చుకోవడానికి జపాన్ దాకా పోవాలా?

ఇంటికొచ్చాక రాత్రి భోజనాల దగ్గర భర్త మోహన్‌కు అంతా చెప్పింది. మోహన్ చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. తిరుపతిలో శాంపుల్ కోసం కొనుక్కొచ్చిన చదరపు తీగను ఆయన చేతిలో పెట్టింది. మోహన్ దాన్ని దీపం వైపు తిప్పి చూసి, అన్నం తట్ట పక్కకు జరిపాడు.

"మేయ్, ఇది మా కన్ను తీగే కదా!"

"ఏం కన్ను?"

"గుజ్జు డబ్బాలు బెల్టు మీద పోతా ఉంటే లెక్కపెట్టే కన్ను ఉండాదిలే. దాంట్లోనుంచి ఎర్ర వెలుతురు ఇట్లాంటి ప్లాస్టిక్ తీగలోనే వస్తాది. డబ్బాలు తగిలి నెలకొకటి తెగిపోతాది."

"తెగిపోతే పారేస్తారా?"

"ఎందుకు పారేస్తాము? కొత్త బ్లేడుతో అడ్డంగా నున్నగా కోసి మళ్ళీ పెడతాము. పనిచేస్తాది. మరీ పొట్టిదైపోతేనే పారేసేది."

ప్రసన్న అన్నం తినడం ఆపేసింది. తీగను కోయొచ్చు. కోసినా వెలుతురు పోతుంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

మరుసటి రోజు మోహన్ మేనేజరును అడిగి, పొట్టి ముక్కలు కొన్ని చుట్టి తెచ్చాడు. సీజను ఇంకా మొదలు కాలేదు కాబట్టి ఫ్యాక్టరీలో యంత్రాలు విప్పి శుభ్రం చేసే పనే. మధ్యాహ్నాలు ఆయనకు తీరిక దొరికింది. ఇద్దరూ అంగట్లో కూర్చుని ముక్కలు కోస్తూ చేయి అలవాటు చేసుకున్నారు. పైనున్న నల్ల తొడుగు ఒలిస్తే లోపల గాజులాంటి తీగ, చీపురు పుల్లంత సన్నం. బ్లేడుతో కోస్తే కొస కొంచెం మసకగా ఉండేది. సన్నటి ఉప్పుకాగితం మీద, ఆ తరువాత పళ్ళపొడి అద్దిన కాగితం మీద గుండ్రంగా రుద్దితే మెరుపు వచ్చింది. కొనుక్కొచ్చిన తీగ వెలుతురుతో పోల్చి చూశారు. తేడా కనిపించలేదు.

ఇక గుండ్రటి పిన్ను. దానికి ప్రసన్న బజారువీధిలో బంగారు పని చేసే ధనంజయాచారి దగ్గరికి పోయింది. పాత హెడ్‌ఫోన్ పిన్ను ఒకటి ఆయన ముందర పెట్టింది.

"ధనంజయన్నా, సరిగ్గా ఇదే రూపం, ఇదే లావు. కానీ నడుమ నిలువునా సన్న బెజ్జం ఉండాల. కొస దాకా."

ధనంజయ పిన్నును అటూ ఇటూ తిప్పి, మెడ దగ్గరున్న గాడిని గోటితో తడిమాడు. "ముక్కుపుడక మర కంటే ఇదేం కష్టమమ్మా? ఇత్తడితో చేసిస్తా" అన్నాడు.

చెప్పినట్టే చేశాడు. ఇత్తడి రేకును గొట్టంగా చుట్టి, కమ్మచ్చులో, అదే తీగలను సన్నం చేసే చిల్లుల పలకలో లాగి, సరిగ్గా ఆ లావుకు తెచ్చాడు. మెరుగు పెట్టాక చెవికమ్మ తునక లాగుంది. కొనుక్కొచ్చిన చదరపు తీగకు ఒక కొస కోసి, ఆ కొసను లోపల దూర్చి లక్కతో బిగిద్దామని మంట దగ్గరికి తీసుకుపోతుంటే ప్రసన్న చేయి పట్టుకుంది.

"వేడి తగిలితే ప్లాస్టిక్ కరిగిపోతాదన్నా!"

"అవును కదా" అని ఆయన నాలుక కరుచుకున్నాడు. రెండు ట్యూబుల మందు కలిపి పూసే గమ్ముతో అతికించారు.

ఆ తీగ పట్టుకుని ప్రసన్న, రూపశ్రీ తిరుపతి పోయారు. హరినాథ్ టేపు పెట్టాడు. చదరపు కొస పెద్ద యంత్రంలో టక్కుమని కూర్చుంది. ఇత్తడి కొస రికార్డర్‌లో కూర్చుంది. బిళ్ళ తిరగడం మొదలైంది. కానీ రికార్డర్ అద్దం మీద శబ్దం గీతలు పైకి లేవలేదు. తీసి మళ్ళీ పెట్టారు. లేవలేదు.

"అయిపాయె" అన్నాడు హరినాథ్.

రూపశ్రీ ముఖం చిన్నబోయింది. ప్రసన్న మాత్రం తీగను కంటి దగ్గర పెట్టుకుని చూసింది. ఎర్ర వెలుతురు బాగానే వస్తోంది. "తీగలో తప్పు లేదు. రికార్డర్‌కే ఏదో అర్థం కాలేదు" అనుకుని, రికార్డర్ రంధ్రంలోకి టార్చి కొట్టి చూసింది. లోపల పక్కలకు చిన్న చిన్న ఇనుప నాలుకలు కనిపించాయి. మామూలు పిన్ను పెడితే వాటికి తగిలి కరెంటు దారి పడుతుంది. ఇత్తడి కూడా వాటికే తగులుతోంది. మామూలు వైరు వచ్చిందనుకుని రికార్డర్ వెలుతురు కోసం చూడటమే లేదు.

"లోహం పనికి రాదు" అనింది. "ఏం బాధ పడొద్దు పాపా. ఇంకొక పిన్ను, అంతే."

ఇత్తడి పిన్ను పనికి రాలేదని వింటే ధనంజయకు మనసు కష్టమైంది. ఎంత ముచ్చటగా వచ్చిందో చూడమ్మా అని దాన్ని అరచేతిలో పెట్టుకుని చూపించాడు. "దేంతో చేయాల మరి? కొమ్ముతోనా?" అని అడిగాడు. ప్రసన్న చుట్టూ చూసింది. నగలు తోమడానికి పెట్టుకున్న పాత పళ్ళబ్రష్షు నీళ్ళ గిన్నెలో నానుతోంది. దాని పిడిని చూపించింది. ధనంజయ బ్రష్షు వైపు చూసి, ఆమె వైపు చూసి, పెద్దగా నవ్వాడు. "ఇన్నేండ్లలో బంగారు పని చేసినా, వెండి పని చేసినా. బ్రష్షు పని ఇదే మొదలు."

పిడిని కోసి, ఆకురాయితో గుండ్రంగా చేసి, సన్న డ్రిల్లుతో నిలువునా బెజ్జం వేశాడు. రెండు విరిగిపోయాయి. మూడోది నిలిచింది. ఇత్తడి దానికంటే వెంట్రుకంత పొడుగు పెట్టమని ప్రసన్న చెప్పింది, వెలుతురు పట్టే కన్ను రంధ్రం లోపల ఇంకొంచెం దూరంలో ఉందని టార్చి వెలుగులో చూసింది కాబట్టి. నీలం రంగు పిన్ను, కొసన చుక్కంత మెరిసే తీగ. అంతా కలిపి అయిన ఖర్చు కంపెనీ తీగ ధరలో ఒక మూలకు కూడా రాదు.

ఈసారి హరినాథ్ ఇంట్లో గీతలు లేచాయి. హెడ్‌ఫోన్ చెవిలో పెట్టుకున్న రూపశ్రీ ఉలిక్కిపడింది. "తాత!" అనింది. ఆమె కండ్ల నిండా నీళ్ళు. చిడతల మోత, మృదంగం, వాటి నడుమ మునివెంకటప్ప కంచు గొంతు. రొద లేదు, గుయ్యిమనడం లేదు. పక్కనే నిలబడి చెబుతున్నట్టుంది. హరినాథ్ హెడ్‌ఫోన్ లాక్కుని తను విని, ఇచ్చి, మళ్ళీ లాక్కున్నాడు. "నేను పెట్టిన మైకమ్మా ఇది. సూడు ఎట్లుండాదో!" అని పొంగిపోయాడు.

కాపీ చేయడమంటే కథ ఎంత సేపు ఉంటే అంత సేపు కూర్చోవాల్సిందే. పగలంతా అక్కడే ఉండి, సాయంత్రం బస్సుకు చిత్తూరు వచ్చేవాళ్ళు. హరినాథ్ భార్య శకుంతలమ్మ వాళ్ళకు ఉప్మా పెట్టి, తనూ వచ్చి కూర్చుని కథ వినేది. ద్రౌపది సభలో అడిగే మాటలు వచ్చినప్పుడు ఆమె వంటింట్లో పాలు పొంగిపోయినా లేవలేదు.

పదమూడో రోజు టేపు దగ్గర దెబ్బ తగిలింది. అది అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోయే కథ. కొంచెం దూరం బాగానే నడిచి, ఉన్నట్టుండి చిర్రు చిర్రుమని, ఆ పైన ఏమీ లేదు. టేపు తీసి చూస్తే పొడుగునా బూజు. హరినాథ్ స్పిరిటుతో తుడిచాడు, ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. అభిమన్యుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే దాకా వచ్చింది. మిగతాది పోయింది.

"ఇప్పుడెట్లా అక్కా?" అనింది రూపశ్రీ. "అభిమన్యుడి కథ లేకుండా భారతం యాడుంటాది? ధర్మకర్తకు ఏం చెప్పాల?"

"ఉన్నదున్నట్టు చెప్దాం. ముందు మిగతా టేపులు కానీ" అనింది ప్రసన్న.

మిగతావి సక్రమంగా వచ్చాయి. అన్నీ అయ్యాక ప్రసన్న రికార్డర్‌కు చిన్న స్పీకరు తగిలించి, గ్రీమ్స్‌పేటలో మునివెంకటప్ప ఉన్న ఇంటికి తీసుకుపోయింది. ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. బక్కచిక్కిపోయాడు. కండ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. తన గొంతు తనకు వినిపించగానే ఆయన ఎడమ చేయి మంచం పట్టె మీద మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టింది.

ప్రసన్న ఆయన దగ్గరికి జరిగి, చెవిలో కాకుండా ముఖం చూస్తూ చెప్పింది. "సామీ, అభిమన్యుడి కథ సగానికి పోయింది. టేపుకు బూజు పట్టింది. ఇది వినండి."

సెలవు తీసుకునే పాట వినిపించింది. తరువాత చిర్రుమని ఆగిపోయింది. మునివెంకటప్ప ఎడమ చేయి ఎత్తి మనవరాలి వైపు చూపించాడు. రూపశ్రీ నీళ్ళ చెంబు అందించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. దిండు సర్దబోయింది. మళ్ళీ ఊపాడు. వేలు ఆమె గొంతు వైపు చూపించి, ఆగిపోయిన స్పీకరు వైపు చూపించాడు.

"నీకు అర్థం కాలేదా?" అనింది ప్రసన్న. "అక్కడి నుంచి నిన్నే చెప్పమంటాండాడు."

"నేనా? నాకు కట్టడం రాదు తాతా!"

ఆయన చేయి దించలేదు.

రూపశ్రీ ఆ నెలంతా అదే పనిలో ఉంది. పగలు తాత కథ వినేది, ఆయన ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ జనాన్ని నవ్విస్తాడో పట్టుకునేది. అభిమన్యుడి రోజు మాత్రం తనే కట్టుకోవాలి. యుద్ధం చెప్పబోతే అంతా తాత మాటల్లాగే వస్తున్నాయి, కానీ పస లేదు. ఒకరోజు అంగట్లో కూర్చుని ప్రసన్నతో చెప్పుకుంది.

"వ్యూహం లోపల ఏం జరిగిందో నాకెట్లా తెలుస్తాదక్కా? నేను యాడ చూసినా?"

"బయట ఎవరెవరు ఉండారు?"

"ఉత్తర ఉండాది. పెండ్లాం. కడుపుతో ఉండాది."

"ఆమెకేం తెలుసు?"

రూపశ్రీ, "ఆమెకు వినిపించేది శంఖాలు, కేకలే కదా" అని లేచి వెళ్ళిపోయింది.

వైశాఖంలో వెలగలపల్లె భారతం మొదలైంది. అభిమన్యుడి టేపు పోయిన సంగతి ప్రసన్న ముందే ధర్మకర్తకు చెప్పేసింది. ఆయన గొణిగాడు గానీ, టేపులు దొరికాయని విని అప్పటికే రూపశ్రీ పేరుతో కరపత్రాలు పంచేసి ఉన్నందువల్ల కాదనలేదు. గుడి ముందర కొబ్బరిమట్టల పందిరి. మొదటి రోజు జనం పలచగా వచ్చారు, ఆడపిల్ల భారతం చెబుతుందట అని వింతగా చూడడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. నాలుగో రోజుకు పక్క పల్లెల నుంచి ట్రాక్టర్లలో రావడం మొదలైంది.

అభిమన్యుడి రోజు మోహన్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, జీపు మాట్లాడి మునివెంకటప్పను తీసుకొచ్చాడు. ఆయన్ని పందిరి పక్కన కుర్చీలో, పడిపోకుండా గుడ్డతో కట్టి కూర్చోబెట్టారు. ప్రసన్న మైకు దగ్గర రికార్డర్ పెట్టుకుని కింద చాప మీద కూర్చుంది.

తల్లి దగ్గర సెలవు తీసుకునే పాట తాత బాణీలోనే పాడింది రూపశ్రీ. ఆ తరువాత చిడతలు ఆపేసింది. కథ యుద్ధంలోకి పోలేదు. ఉత్తర గుడారంలో కూర్చుని ఉంది. దూరం నుంచి శంఖం వినిపిస్తుంది. అది మామది కాదు, ఇది పెద్దమామది కాదు అని ఒక్కొక్క శబ్దం పోల్చుకుంటుంది. పక్కనున్న దాసితో మాట్లాడుతుంది, ఆకలేస్తోందంటుంది, అన్నం ముందర పెడితే తినదు. కేక వినిపించినప్పుడల్లా, ఇది ఆయన గొంతు, ఇంకా ఉండాడు అనుకుంటుంది. ఆ కేకల నడుమ దూరం పెరుగుతూ పోయింది. చివరికి ఏమీ వినిపించలేదు. రూపశ్రీ కూడా ఏమీ చెప్పలేదు. మైకులో ఊపిరి మాత్రం వినిపించింది.

ముందు వరసలో కూర్చున్న చెంగమ్మ అనే ముసలామె, ఏళ్ళ తరబడి ప్రతి భారతానికీ వచ్చే మనిషి, పైట కొంగుతో ముఖం తుడుచుకుని పక్కామెతో గట్టిగానే అనింది. "మునివెంకటప్ప ఇట్లా చెప్పలేదే! ఆయప్ప వ్యూహం లోపలికి తీసకపోయేవాడు."

"బాగా లేదా?"

"బాగా లేదని ఎవురన్నారు? నా కండ్లు సూడు ఎట్లుండాయో!"

ప్రసన్న మునివెంకటప్ప వైపు చూసింది. ఆయన తాళం వేయడం ఎప్పుడో ఆపేసినట్టున్నాడు. చేయి ఒళ్ళో ఉంది. మనవరాలినే చూస్తున్నాడు. నోరు సగం తెరుచుకుని, ఏదో అనబోయి, మాట రాక, తల ఊపాడు. గట్టిగా, రెండు మూడు సార్లు.

మరుసటి రోజు నుంచి ధర్మకర్త రూపశ్రీని పాపా అనడం మానేసి, పెద్ద కథకులను పిలిచినట్టు భాగవతారమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. అదే ఎండాకాలంలో నగరి వైపు ఇంకొక పల్లె నుంచి కబురొచ్చింది. మునివెంకటప్ప ఇంకో రెండేళ్ళు బ్రతికాడు. రోజూ పొద్దున తన భారతంలో ఒక ముక్క పెట్టించుకుని వినేవాడు, అభిమన్యుడి రోజు వస్తే మాత్రం రూపశ్రీ చెప్పిందే పెట్టమని సైగ చేసేవాడు.

ప్రసన్న చేసిన తీగ సంగతి ఎట్లాగో బయటికి పొక్కింది. తిరుపతిలో ఒక చర్చి పాటల బృందంవాళ్ళు, మదనపల్లె నుంచి ఒక సంగీతం మాస్టారు, తడ నుంచి ఒక మైకుసెట్టు ఆయన, ఇట్లా మినీడిస్క్ రికార్డర్ ఉన్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. తిరుపతి నుంచి చదరపు తీగలు తెప్పించి, ఒక కొస కోసి, ధనంజయ చేసిన పిన్ను పెట్టి ఇచ్చేది. అమ్మే ముందు ప్రతి ఒక్కదాన్నీ ట్యూబులైటు వైపు పట్టి, కొన్నవాళ్ళ కంటితోనే చూపించేది. మరీ దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఎట్లా చేసుకోవాలో కూడా చెప్పి పంపేది. "చెప్పేస్తే మళ్ళీ రారు కదమ్మా" అని ధనంజయ విసుక్కుంటే, "రాకపోతే ఇంకో పని వస్తాదిలే అన్నా" అనేది.

వచ్చింది కూడా. కొన్నేళ్ళకు కంప్యూటర్లు, చిన్న చిప్పులో రాసుకునే రికార్డర్లు వచ్చి ఆ తీగల అవసరమే తీరిపోయింది. ప్రసన్న అంగట్లోకి కంప్యూటర్ తెచ్చింది. హరినాథ్ తన టేపులన్నీ, భారతమే కాదు, బీరువాలో ఉన్న మిగతావి కూడా ఆమెకే అప్పగించాడు. బూజు పట్టిన వాటిని ఎట్లా తుడవాలో ఇద్దరూ కూర్చుని నేర్చుకున్నారు. ఎండాకాలం వస్తే మాత్రం ఆమె అంగడికి మధ్యాహ్నం నుంచి తాళం పడేది. ఏదో ఒక పల్లెలో పందిరి కింద, చాప మీద, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉండేది.